కెల్లూ అత్తకు చూపించాల్సిన నాలుక

పొద్దున్నే ఎవరు ఎదురైనా మా కెల్లూ అత్త సలాం చెప్పేది కాదు. "నాలుక చాపు" అనేది. ఆకుపచ్చగా ఉంటే వదిలేసేది. లేకపోతే వాళ్ళింట్లోకి చొరబడి, సజ్జ ముద్ద మీద గిన్నెడు దిహే పులుసు పోసి, తినేదాకా గుమ్మానికి అడ్డంగా కూర్చునేది.

దిహే అంటే చాద్ సరస్సు పక్క మడుగుల్లో తేలే నాచు. మా కనెంబు తెగ ఆడవాళ్ళు తెల్లవారుజామునే దాన్ని వడగట్టి, ఇసుకలో ఆరబెట్టి, బిళ్ళలుగా విరుస్తారు. అత్త లెక్కలో అది జలుబుకు మందు, తట్టుకు మందు, తోడికోడళ్ళ తగవుకు కూడా మందే.

బళ్ళో చదివేటప్పుడు నేనోసారి వెళ్ళి చెప్పాను. "అత్తా, లెక్కల పరీక్ష తప్పాను."

"ఏదీ నాలుక? చూశావా, పాలిపోయి ఉంది! లెక్కలెలా వస్తాయే?"

మా ఊళ్ళో ఆమె నాలుక చాపించని ప్రాణి ఒంటె ఒక్కటే. అదీ కరుస్తుందని.

నేను సాహిత్యంలో ఎం.ఏ. చదువుతూ సెలవులకు వచ్చినప్పుడు, రాజధాని నుంచి డాక్టర్ జిమ్తా వచ్చాడు. దిహేలోని సారం వైరస్‌లను అడ్డుకుంటుందా, ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి పెంచుతుందా అని ఆయన పరిశోధన. ఆయనకు మా భాష రాదు, మా వాళ్ళకు ఫ్రెంచి రాదు. పుస్తకం చాటున దాక్కునే నేను ఊరంతటి ముందు దుబాసీనయ్యాను.

వస్తూనే ఆయన ప్యాంటు మడిచి మడుగులో కాలు పెట్టబోయాడు. ఆడవాళ్ళంతా కెవ్వుమన్నారు. అత్త ఆయన కాలరు పట్టుకుని మేకపిల్లను లాగినట్టు ఒడ్డుకు లాగింది.

"మగాడి కాలు పడితే మడుగు ఎండిపోతుందయ్యా! మీ ఊళ్ళో చెప్పలేదా?"

"మా ఊళ్ళో మడుగే లేదమ్మా."

"ఎందుకుంటుంది మరి!"

ఆయన చొక్కా సర్దుకుని, రోగికి ఎన్ని గ్రాములు ఇస్తారని అడిగాడు.

"గిన్నె నిండా. ముద్ద మీద. చేప దొరికితే చేప కూడా."

ఆయన పకపకా నవ్వాడు. "అది మందు కాదమ్మా, భోజనం!"

"ఏమన్నాడే?" అంది అత్త. చెవిలో చెప్పాను. ఆ ముఖం వాడిపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"పైకి అనకు తల్లీ. మొగుడి వల ఖాళీగా వచ్చిన రోజున యాగానా ఇంట్లో పొయ్యి రాజుకోదు. తిండి తెచ్చానంటే తలుపు తియ్యదు. మందంటే నోరు తెరుస్తుంది."

మా నాన్న ఊళ్ళో లేని ఏడాది నేను ఎన్ని 'మందులు' మింగానో అప్పుడు గుర్తొచ్చింది.

గుంపులోంచి ఆ యాగానాయే కేకేసింది. "ఏమంటాడే? మందేనా, కాదా?"

అత్త చెప్పిన సంగతంతా నేను డాక్టరుకు ఫ్రెంచిలో చెప్పాను. ఆయన అత్త వైపు చూసి నాతో అన్నాడు.

"ఉన్నదే చెప్పు. గాజు గొట్టాల్లో కొన్ని వైరస్‌లను ఆపినట్టే కనిపిస్తోంది, మనుషుల్లో ఇంకా తేలలేదు. ఈలోగా ఆవిడ గిన్నె మాత్రం ఎవరూ కాదనకూడదని నా మాటగా చెప్పు."

చెప్పాను. ఆయన అత్త ముందు వంగి నాలుక చాపాడు.

"పాలిపోయింది!" అంటూ అత్త గిన్నె కోసం పరుగెత్తింది.

ఇప్పుడు అత్తకు చూపు ఆనదు. ఎవరు నాలుక చాపినా పాలిపోయిందనే అంటుంది.