కళ్లు మూసుకున్న అమ్మాయి

దువ్వాడ దాటాక సిగ్నల్ లేక రైలు ఆగిపోయింది. నాకు కాబోయే భర్తను కలవడానికి గుంటూరు నుంచి విశాఖ వెళ్తున్నాను. ఎందుకో సీట్లో కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

ఎదురుగా కూర్చున్న చేపలమ్మే ఆవిడ నా చేతిసంచి మీది బొమ్మనే చూస్తోంది. అది ఆయన కానుకగా పంపిన సంచి. దాని మీద ఒక ప్రసిద్ధ చిత్రం ఉంది. పూలగట్టు అంచున మోకరిల్లిన అమ్మాయి చెంపను ఒకతను ముద్దాడుతుంటాడు. ఇద్దరినీ బంగారు వస్త్రం చుట్టేసి ఉంటుంది.

“ఆ బంగారం వాళ్ల ప్రేమకి గుర్తండీ” అన్నాను.

“మరి పిల్ల కళ్లు మూసేసుకుందేటమ్మా? కాళ్లు సూడు, అంచుకొచ్చేసాయి.”

“అతని మీద నమ్మకం.”

ఆవిడ నవ్వింది. “పెళ్లయినా నా సేపల యాపారం మానను, నువ్వేటంటావని మా ఆయన్ని ముందే అడిగాను. సరేనన్నాకే తాళి కట్టించుకున్నాను. నువ్వేటడిగావు?”

మా ఇళ్లలో ఆడపిల్ల అలా అడగడం నేనెప్పుడూ వినలేదు. నేనూ ఏమీ అడగలేదు.

విశాఖ స్టేషన్లో నాకు కాబోయే ఆయన నవ్వుతూ ఎదురొచ్చాడు. “పెళ్లయ్యాక నేను ఉద్యోగం మానను. మీకు సరేనా?” అన్నాను.

“అవన్నీ అమ్మ చూసుకుంటుందిలే, పద.”

“నేను అడిగింది మిమ్మల్ని.”

ఆయన అప్పటికే ముందుకు నడుస్తున్నాడు. ఆ సాయంత్రం బండికే తిరిగి వచ్చేశాను.