కొత్త రకం మీల్ మేకర్

మా మావయ్యగారు నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసిన మనిషి. కొట్టు నా భర్త చేతికి వచ్చాక కూడా సీజన్‌లో రోజూ వెళ్ళి కుర్చీ వేసుకుని కూర్చునేవారు. కిందటేడు ఉగాదికి ముందు ఆయనకి గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయింది. ఇంటికి తిరిగొచ్చింది సగం మనిషే. మంచం మీంచి లేవాలంటే ఇద్దరం పట్టుకోవాలి. విజయవాడ డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "ప్రోటీన్ లేకపోతే ఈయన కోలుకోరమ్మా, కనీసం గుడ్డయినా పెట్టండి" అన్నాడు.

మాది గుడ్డు గడప దాటని ఇల్లు. పప్పు ఎక్కువ పెడితే ఆయనకి ఉబ్బరం. మీల్ మేకర్ వండితే రెండు రోజులు పొట్ట పట్టుకుని తిరిగారు. పనీరు వాసనే పడదు. కళ్ళ ముందు మనిషి కరిగిపోతుంటే నాకు నిద్ర పట్టేది కాదు.

ఆ వారమే విజయవాడలో ఒక సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌లో ఆ ప్యాకెట్ చూశాను. శాకాహారులకి మాంసం బదులట. పచ్చ చుక్క ఉంది. వెనక సన్నక్షరాల్లో చదివితే తెలిసింది, అది ఒక రకం ఫంగస్. ట్యాంకుల్లో పెంచి, పీచు పీచుగా తయారుచేస్తారట. నాలుగు ప్యాకెట్లు కొన్నాను. హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఆగినంతసేపూ సంచీ తడిమి చూసుకుంటూనే ఉన్నాను, కరిగిపోతున్నాయేమోనని.

ఇంట్లో ఏమని చెప్పను? మా ఇంట్లో పుట్టగొడుగులే తినరు. ఊరగాయ జాడీ మీద తెల్లటి బూజు కనిపిస్తే జాడీ మొత్తం పారబోయిస్తారు మావయ్యగారు. అందుకే అబద్ధం ఆడాను. "కొత్త రకం మీల్ మేకర్ అండీ, ఉబ్బరం చెయ్యదట" అన్నాను. నోరు తడబడలేదు కూడా. అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, గసగసాలు వేసి వండాను. ఆయన తిన్నారు. ఇంకొంచెం వెయ్యమన్నారు.

ప్యాకెట్లు అయిపోగానే విజయవాడ వెళ్ళి మళ్ళీ తెచ్చేదాన్ని. నెల తిరిగేసరికి తనంతట తానే లేచి నిలబడ్డారు. మే నెలకల్లా కొట్టుకి బయల్దేరారు. ఆ రోజు నేను దేవుడి గదిలో ఏడ్చాను, సంతోషంతోనే. అబద్ధం సంగతి మర్చిపోయాను కూడా.

మాకెవరికీ తట్టని సంగతి ఒకటుంది. మాంసం రుచే ఎరగని ఇంట్లో, ఈ కూర దేనిలా ఉందో చెప్పగలిగేవాళ్ళు లేరు. కొట్టులో ఉన్నారు. కాయలకి గడ్డి పరిచి పెట్టెల్లో సర్దే ఆమెకి మావయ్యగారు ఆ రోజే మధ్యాహ్నం తన క్యారేజీలోంచి కూర పెట్టారు. ఆమె రెండు ముద్దలు తిని పకపకా నవ్విందట. "ఏంటండీ అయ్యగారూ, కోడికూర మొదలెట్టారా? దాచుకుని తింటున్నారా?" అందిట. కాయలు బేరం చేస్తున్న రైతులూ, లారీ డ్రైవరూ అందరూ నవ్వారు. ఆమె మనసులో ఏ పాపమూ లేదు. వేళాకోళం ఆడింది, అంతే.

ఆయన ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మాయ్, నువ్వు నాకు పెట్టేది ఏంటి?"

మాంసం కాదని రుజువు చెయ్యడానికి నా దగ్గరున్నది ఆ ప్యాకెట్ ఒక్కటే. తీసి ఇచ్చాను. పచ్చ చుక్క చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వెనక్కి తిప్పారు. ఇంగ్లీషు ఆయనకి అంతంత మాత్రమే. కానీ ఆ ఒక్క మాట తెలుసు. తోటల్లో కాయ మీద నల్ల మచ్చ వచ్చినప్పుడల్లా మందుల డబ్బాల మీద చదివిన మాటే.

"ఫంగస్‌కి మనం మందు కొట్టిస్తామమ్మా" అన్నారు నెమ్మదిగా. "నువ్వు నాకు అదే వండి పెట్టావా?"

"మీరు బతకాలని పెట్టానండీ. నిజం చెబితే ముట్టుకోరని చెప్పలేదు."

"ముట్టుకోనేమో. ముట్టుకోకపోవడం నా ఇష్టం కదా."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. ప్యాకెట్ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయారు. నాకు కోపం కూడా వచ్చింది, దాచుకోను. ఎవరి వల్ల లేచి నిలబడి అడుగుతున్నారీయన ఈ మాట? నేను పెట్టిన తిండి వల్ల కాదూ? కానీ ఆ కోపం పొద్దుపోయేదాకా కూడా నిలవలేదు. ఆయన అన్నదాంట్లో తప్పు వెతికితే నాకు దొరకలేదు. మళ్ళీ అదే అవసరం వస్తే మళ్ళీ అబద్ధమే ఆడతానేమోనన్న భయం మాత్రం ఇప్పటికీ ఉంది.

మర్నాడు బీరకాయ కూర చేశాను. తండ్రీ కొడుకూ పక్కపక్కన కూర్చున్నారు. ఇరవై రెండేళ్ళుగా నేను వడ్డించింది ఏమిటని అడగకుండా తిన్న మనిషి అన్నం కలిపారు, ముద్ద చేశారు, చెయ్యి కంచంలోనే ఆపేశారు. నా వైపు చూడలేదు. కొడుకు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మింగేదాకా ఆగి, అప్పుడు తిన్నారు.