తలుపు మీద పందెం కాసిన మీసం

మీసాలయ్య మీసం గురించి చెప్పాలంటే ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి. ఎదురుగాలిలో దాని రెండు కొసలూ చెవుల వెనక్కి వెళ్ళి ముడిపడేవనీ, ఒక వానాకాలం దాని నీడన పిచ్చుక కాపురం పెట్టి పిల్లల్ని కూడా లేపిందనీ వీధిలో చెప్పుకునేవారు. పిచ్చుక సంగతి కాస్త ఎక్కువే కావచ్చు. గాలి సంగతి మాత్రం నిజం.

ఆయనది రెండు కుర్చీల కటింగ్ షాపు. ఒక కుర్చీ ఆయనది, రెండోది బావమరిదిది. మూలన ఎత్తుగా బిగించిన టీవీ. ఆ టీవీలో రెక్కల పాములూ మాయకోటలూ ఉన్న సీరియల్ ఒకటి ఏళ్ళ తరబడి నడుస్తోంది. చూడనివాళ్ళకు ఆ కథ మీసాలయ్య చెప్పేవాడు. చూసినవాళ్ళకు ఇంకా బాగా చెప్పేవాడు. బట్టతల మనుషులు కూడా వచ్చి కుర్చీలో కూర్చుని "కొంచెం సర్దు" అనేవాళ్ళంటే అది కత్తెర గొప్పతనం కాదు.

కథ చెప్పడంలో సగం పని మీసానిదే. ఎడమ కొస మెలితిప్పితే దుర్మార్గుడు వస్తున్నట్టు, కుడి కొస మెలితిప్పితే రాణి. రెండూ ఒకేసారి పట్టుకున్నాడంటే యుద్ధం. కుర్చీలో తల వంచుకున్నవాడు కూడా కళ్ళు మాత్రం పైకెత్తి అద్దంలో ఆ వేళ్ళనే చూస్తుండేవాడు.

షాపులో ఒక కట్టుబాటు ఉంది. కథలో ముడి పడిందంటే కత్తి చర్మం మీంచి లేవాలి. ముడి విడేదాకా దిగకూడదు. ఒకసారి రిటైరైన బస్సు డ్రైవరు బాబాయికి గడ్డం గీస్తూ, చచ్చిపోయాడనుకున్న సేనాపతి బతికే ఉన్నాడని చెప్పాడు మీసాలయ్య. బాబాయి "ఆఁ!" అని లేచాడు. సగం కనుబొమ్మ నేల మీద పడింది. ఆ రోజు పుట్టిన కట్టుబాటది. బావమరిదికి అది ఎంతగా ఒంటబట్టిందంటే, ఇంట్లో అన్నం తింటూ టీవీ చూస్తున్నా ఉత్కంఠ వచ్చినప్పుడల్లా ముద్ద గాల్లోనే ఆగిపోయేది.

ఇక తలుపు సంగతి. సీరియల్ మొదటి సీజన్‌లోనే, కోట అడుగున ఒక రాతి తలుపు చూపించారు. లోపలి నుంచి టక్ టక్ మని చప్పుడు. దాని తాళంచెవి మెడలో వేసుకు తిరిగే మూగ కాపలావాడు ఒకడు. పైన రాణి. తన అన్న ఏమయ్యాడో తెలిసేదాకా కూర్చోనని ఒట్టు పెట్టుకున్న మనిషి. సీజన్లకు సీజన్లు నిలబడే ఉంది. తిండీ నిలబడే, తీర్పులూ నిలబడే. ఆఖరికి నిద్ర కూడా స్తంభానికి ఆనుకునే.

"ఆ తలుపు సంగతి రాసినవాళ్ళు ఎప్పుడో మర్చిపోయారు బావా" అన్నాడు బావమరిది ఒకనాడు, దువ్వెన దులుపుతూ.

మీసాలయ్యకు ఒళ్ళు మండింది. "రాసినవాళ్ళు నీలాంటోళ్ళు అనుకున్నావా, కత్తెర ఎక్కడ పెట్టారో మర్చిపోయి జేబులో వెతుక్కోడానికి? ఆ తలుపు తీస్తారు. తియ్యకపోతే నా మీసం తీసెయ్!"

డ్రైవరు బాబాయి మెల్లగా, "మాట అన్నావు. మేమంతా విన్నాం" అన్నాడు.

ఆఖరి సీజన్ వచ్చింది. మొదటి సీన్లోనే రాణి ఒక స్టూలు లాక్కుని కూర్చుంది. ఊరికే కూర్చుంది, కాళ్ళు నొప్పులన్నట్టు. ఎవరూ ఏమీ అనలేదు. మంత్రి అనలేదు, సేనాపతి అనలేదు, ఆమె కూడా అనలేదు. మీసాలయ్య చేతిలోంచి దువ్వెన జారిపోయింది.

"బాబాయ్, కూర్చుంది!"

"చూశాను."

"ఒట్టు?"

"రాసినవాళ్ళనడుగు."

అక్కణ్ణుంచి అంతా జారుడే. ఒక సీజన్ మొత్తం పట్టిన సముద్ర ప్రయాణం ప్రకటనల విరామంలో అయిపోయింది. రెక్కల పాముకు నిప్పు కక్కడం వచ్చన్న సంగతి ఆ పాముకే గుర్తులేదు. నోరు విప్పితే నవ్వించే మంత్రి "అవును మహారాణీ" తప్ప మరో మాట పలకలేదు. మూగ కాపలావాడు గుర్రం మీంచి పడి చచ్చాడు, అదీ వెనకాల ఎక్కడో, మసకగా. చివరి ఎపిసోడ్‌లో కోట కూలింది. రాళ్ళ కింద తలుపు. సంగీతం. పేర్లు పైకెళ్ళిపోయాయి.

బావమరిది తెల్లటి గుడ్డ తీసి ఒక్క విదిలింపు విదిలించాడు.

"రా బావా. కూర్చో."

మాట తప్పే రకం కాదు మీసాలయ్య. వెళ్ళి తన కుర్చీలో తానే కూర్చున్నాడు. కుర్చీలోంచి ఆ అద్దంలో చూసుకోవడం ఆయనకదే మొదలు. నురగ పట్టించాక మీసం రెండు కొసలు మాత్రమే బయట మిగిలాయి, మునిగిపోతున్నవాడి చేతుల్లా. ఇది పోతే రేపు రాణిని ఏ వేళ్ళతో పిలవాలి? మూతి నున్నగా ఉన్నవాడు చెప్పే యుద్ధం ఎవడు వింటాడు?

కత్తి పెదవి దాకా వచ్చింది. భయం కంటే కోపం ముందు తన్నుకొచ్చింది ఆయనకు.

"అసలు కోట కూలాక ఏం జరగాలిరా? రాణి వెళ్ళాలి. చచ్చిన కాపలావాడి మెడలోంచి తాళంచెవి తియ్యాలి. రాళ్ళు తొలగించుకుంటూ దిగాలి. లోపల ఇంకా టక్ టక్..."

ముడి పడింది. బావమరిది చెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది.

అద్దంలో ఆ కత్తిని చూశాడు మీసాలయ్య. విషయం అర్థమైంది. ముడి ఉన్నంతసేపు మీసం ఉంటుంది!

ఇక ఆయన పట్టపగ్గాల్లేకుండా చెలరేగాడు. రాణి మెట్లు దిగుతుంటే మెట్లు మాయమయ్యాయి. తాళంచెవి నీళ్ళలో పడింది. నీళ్ళలోంచి రెక్కల పాము లేచింది. దానికి ఒక చెల్లెలుందని తేలింది. నురగ ఎండి పెచ్చులు కడితే బావమరిది మళ్ళీ పట్టించాడు. అదీ ఎండింది. డ్రైవరు బాబాయికి ఆవలింత వచ్చింది. పాము చెల్లెలికి పెళ్ళి సంబంధం చూసే దాకా వచ్చింది కథ.

మీసాలయ్య భార్యది పక్క గదిలోనే ఇస్త్రీ కొట్టు. ఆవిడ గుమ్మంలోకొచ్చి ఎంతసేపటి నుంచి నిలబడిందో ఏమో.

"ఏమండీ, ఇంతసేపూ వాళ్ళని తిట్టారు. మీరు చేస్తున్నదేంటి మరి? వాళ్ళు ముగించడం చేతకాక చుట్టేశారు. మీరు ముగించడం ఇష్టంలేక సాగదీస్తున్నారు. తలుపు వాళ్ళూ తియ్యలేదు, మీరూ తియ్యట్లేదు."

మీసాలయ్య గుడ్డ కిందనుంచి చెయ్యి తీసి, మీసం కుడి కొస ఒక్కసారి మెలితిప్పాడు. రాణి వచ్చింది.

"తాళంచెవి దొరికింది. తాళం తిరిగింది" అన్నాడు నెమ్మదిగా. "లోపల ఆమె అన్న. ముసలాడైపోయాడు. శత్రువులు చంపకుండా ఆ కాపలావాడే దాచాడు."

"ఆ మాట రాణికి చెప్పొచ్చుగా?" అన్నాడు బాబాయి.

"మూగవాడు కదా!"

"రాసి చూపించొచ్చుగా?"

"చదువు రాదు. మెడలో తాళంచెవి పట్టుకుని మొదటి సీజన్ నుంచీ ఊపుతూనే ఉన్నాడు. ఎవడు పట్టించుకున్నాడు? నువ్వు పట్టించుకున్నావా?"

మీసాలయ్య కుర్చీలో కాస్త ముందుకు జరిగాడు.

"మరి ఆ చప్పుడు? తలుపు తట్టడం కాదు. సుత్తి దెబ్బలు. చెల్లెలు తనకోసం కూర్చోకుండా నిలబడిందని కాపలావాడి సైగల వల్ల అన్నకు తెలుసు. ఇన్నాళ్ళూ చీకట్లో ఆమెకోసం కుర్చీ చేస్తున్నాడు. నచ్చక విప్పడం, మళ్ళీ బిగించడం. రాణి ఆ కుర్చీని చూసింది. అన్నను చూసింది."

అద్దంలోకి చూశాడు. కత్తి ఇంకా గాల్లోనే ఉంది. ఆ ఒక్క మాట మింగేస్తే మీసం మిగులుతుంది.

"కూర్చుంది" అన్నాడు.

ముడి విడిపోయింది. బాబాయి షాపు తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, అందులో ఉన్న ఎవరివో వెంట్రుకలు గుచ్చుకుని ఇంకా ఎక్కువ ఏడ్చాడు. బావమరిది ముక్కు ఎగబీలుస్తూనే కత్తి దించాడు. మీసం ఒళ్ళో పడింది.

పటిక రాయించుకుని లేచి అద్దంలో చూసుకున్నాడు మీసాలయ్య. అలవాటుగా వేళ్ళు పైకెళ్ళి, పట్టుకోడానికేమీ లేక బుగ్గ గోక్కుని వచ్చాయి.

"ఎవరండీ మీరు?" అంది భార్య. కానీ ఆవిడ కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

డ్రైవరు బాబాయి దగ్గరకొచ్చి ఆ నున్నటి మూతిని అటునుంచీ ఇటునుంచీ పరీక్షగా చూశాడు.

"కథ మాత్రం అద్భుతంగా ముగించావు. నీ మూతి మాత్రం ఆ ఆఖరి సీజన్‌లా ఉంది" అన్నాడు. అని, వెళ్ళి కుర్చీలో కూర్చుని మెడచుట్టూ గుడ్డ తానే కప్పుకున్నాడు. "ఊఁ, పాము చెల్లెలి సంబంధం ఏమైందో చెప్పు."