వేపపువ్వు లేని జాజ్

షామ్‌బర్గ్‌లో మా తెలుగువాళ్ళ ఉగాది వేడుక ఈ ఏడు ఒక హైస్కూల్ ఆడిటోరియంలో జరిగింది. గుమ్మం దగ్గర చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో ఉగాది పచ్చడి ఇచ్చారు. నోట్లో వేసుకుంటే ఒట్టి బెల్లం పానకం. వేపపువ్వు ఏదండీ అని అడిగితే, పిల్లలు ఉమ్మేస్తున్నారని ఈసారి వెయ్యలేదన్నారు. ఒళ్ళు మండింది. అయితే ఆ సాయంత్రం నాకు నిజంగా రోత పుట్టించింది పచ్చడి కాదు.

మా అమ్మాయి స్కూలు జాజ్ బ్యాండులో సాక్సఫోన్ వాయిస్తుంది. పండక్కి పిల్లల చేత ఏదైనా కొత్తగా చేయించాలని కల్చరల్ కమిటీ అనుకున్నప్పుడు, జాజ్ ఎలా పుట్టి ఎలా మారిందో స్టేజి మీద చూపిద్దామని చెప్పింది తనే. మొదట తనొక్కతే నిలబడి బ్లూస్ వాయిస్తుంది. పత్తి చేలలో బానిసలు పాడుకున్న పాటల్లోంచి వచ్చిన సంగీతం అది. తర్వాత ఊరేగింపు బ్యాండు, డాన్సు హాళ్ళ స్వింగ్, ఆ డాన్సులకు విసుగెత్తినవాళ్ళు కూర్చుని వినండని వాయించిన బీబాప్, చివరికి కరెంటు గిటార్ల ఫ్యూజన్. ఇదంతా తనకు నేర్పిన బ్యాండు మాస్టారిని కూడా పిలిచింది. ఆయన నల్లజాతి పెద్దమనిషి, రిటైర్మెంటుకు దగ్గర పడ్డారు. తప్పకుండా వస్తానన్నారు.

పండగ ముందు రిహార్సల్‌లో కమిటీ పెద్దావిడ బ్లూస్ తీసేయమంది.

"కొత్త సంవత్సరం పూట ఏడుపుతో స్టార్ట్ చేస్తే ఏం బాగుంటుందండీ? అశుభం కదా. హ్యాపీ పార్ట్ నుంచి మొదలుపెడదాం. పాపని కావాలంటే ఒక గణపతి కీర్తన ప్లే చేయమనండి."

నేను వాదించాను. గొంతు కూడా పెంచాను. ఆ ఏడుపు లేకపోతే మీ హ్యాపీ పార్టు ఎక్కడిదమ్మా అన్నాను. మీరు మరీ సీరియస్‌గా తీసుకుంటున్నారని ఆవిడ నవ్వేసింది. మిగతా తల్లిదండ్రులు ఫోన్లలో తలలు దూర్చారు. వాళ్ళ పిల్లలు స్వింగ్ డాన్సుకి వేసుకునే టోపీలు, బో టైలు అప్పటికే వచ్చేశాయి మరి. బ్లూస్ లేకపోతే తను స్టేజి ఎక్కనని మా అమ్మాయి తెగేసి చెప్పింది. మాస్టారిని రావద్దనడానికి మాత్రం తనకి నోరు రాలేదు.

ఆయన సూటు వేసుకుని వచ్చారు. మా ఇద్దరి మధ్య కూర్చున్నారు. సాక్సఫోన్ పెట్టె ఇంట్లో పెట్టి రమ్మన్నా వినకుండా మా అమ్మాయి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తెర లేచింది. టోపీల పిల్లలు రికార్డింగుకు స్వింగ్ గెంతులు గెంతారు. బీబాప్ ఎవరికీ అర్థం కాదని యాంకరమ్మ నవ్వుతూ దాటేసింది. ఫ్యూజన్ అనగానే స్పీకర్లలోంచి తెలుగు సినిమా మాస్ బీటు విరుచుకుపడింది. ఒక జాతి కడుపుకోతలోంచి పుట్టిన సంగీతం మా వాళ్ళ చేతిలో పడి తీన్మార్ దగ్గర తేలింది. హాలంతా ఈలలు.

మాస్టారు మర్యాదగా చప్పట్లు కొట్టి, నీ వంతు ఎప్పుడని మా అమ్మాయిని అడిగారు. అది ఏ మాటా దాచలేదు. పండగ పూట బ్లూస్ వాయిస్తే చెడు జరుగుతుందని తీసేశారని ఇంగ్లీషులో చెప్పేసింది. సిగ్గుతో నా తల వాలిపోయింది.

ఆయనకు కోపం రాలేదు. మా అమ్మమ్మా అంతే అన్నారు. ఆవిడ భక్తురాలట. బ్లూస్ దెయ్యం పాట అని ఇంట్లో వాయించనిచ్చేది కాదట.

"మరి మీరేం చేశారు?" అని అడిగింది మా అమ్మాయి.

"ఆవిడ చర్చికి వెళ్ళేదాకా ఆగేవాణ్ణి. వెళ్ళగానే వాయించేవాణ్ణి. ఎవర్నీ అడగలేదు."

పిల్లలు దండాలు పెట్టి దిగిపోయారు. భోజనాలు సిద్ధమని యాంకరమ్మ చెప్పగానే జనం వెనక బల్లల మీదికి ఎగబడ్డారు. అప్పుడు లేచింది మా అమ్మాయి. ఖాళీ స్టేజి ఎక్కి, పెట్టె తెరిచి, మైకు ముందు నిలబడింది. పెద్దావిడ పులిహోర ప్లేటుతోనే పరిగెత్తుకొచ్చి, కట్ చేయమని సౌండ్ చూసే అంకుల్‌కి చెయ్యి ఊపింది. ఆయన కట్ చేశాడు.

సాక్సఫోన్‌కు మైకు అక్కర్లేదని వాళ్ళిద్దరికీ తెలియదు. ఆ మొదటి స్వరం హాలు చివరిదాకా వెళ్ళింది. కొందరు ప్లేట్లు పట్టుకుని వెనక్కి తిరిగారు. ఎక్కువమంది తిరగలేదు, బిర్యానీ అయిపోతుందని. వాళ్ళంటే నాకు ఇప్పటికీ అసహ్యమే. మాస్టారు మాత్రం లేచి, పాట అయ్యేదాకా నిలబడే విన్నారు.