మైదుకూరులో తినని భోజనం

కోవిడ్ వార్డులు మూతపడి, మా మానసిక వైద్య విభాగం మళ్లీ తన గదుల్లోకి వచ్చిన వేసవిలో నన్ను ఒక మెడికల్ బోర్డులో సభ్యురాలిగా వేశారు. అప్పుడు నేను కర్నూలులో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్టును. అంటే మనసును పరీక్షిస్తాను గానీ మందు రాసే అధికారం లేదు. మందు రాయని మనిషికి ఆసుపత్రిలో ఎంత గౌరవమో బోర్డు రిపోర్టు మీద సంతకాల వరుస చూస్తే తెలుస్తుంది. పైన చైర్మన్ అయిన సైకియాట్రీ ప్రొఫెసర్ గారిది, ఆ కింద పిల్లల డాక్టరుది, అడుగున మిగిలిన చోటు నాది.

కేసు కడప జిల్లా మైదుకూరుది. పసుపు వ్యాపారి ఒకాయన, విడిగా ఉంటున్న భార్య దగ్గర నుంచి నాలుగేళ్ల కూతుర్ని తనకు ఇప్పించమని కుటుంబ న్యాయస్థానానికి వెళ్లాడు. భార్య పేరు నాగవేణి, ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఆమెకు ఆటిజం ఉంది. ఆమె దాన్ని ఎక్కడా దాచలేదు. ఆటిజం ఉన్నవాళ్లకు ఎదుటివాళ్ల మనసు తెలియదని, కాబట్టి కన్నబిడ్డ ఆకలి కూడా ఆమెకు తెలియదని భర్త తరఫు వాదన. స్థానిక పలుకుబడి పనిచేయకూడదని జడ్జి గారు కడపలో కాకుండా కర్నూలులో బోర్డు వేయించారు. మేము ఆ వాదన నిజమని రాస్తే పాప తల్లికి దూరమవుతుంది. అంత పెద్ద విషయం మా ముగ్గురి తెలివికి వదిలేశారు.

ముందు ఇరుపక్షాలనూ ఆసుపత్రికి పిలిపించి విడివిడిగా మాట్లాడాం. నాగవేణి అత్తగారు చీర కొంగు సర్దుకుని కూర్చుని తన దగ్గరున్న పెద్ద సాక్ష్యం చెప్పింది. "మా ఆడబిడ్డ ఇంటికొచ్చింది సార్. అన్నం తింటావా అని ఈమె అడిగింది. మొగమాటానికి వద్దనింది. అంతే, గిన్నె మీద మూత పెట్టేసింది. మనసు తెల్సినోళ్లు చేసే పనేనా అది? బిడ్డకు కూడా అంతే, అది చాలంటే చాలు, ఇంకో ముద్ద పెట్టదు." ఆమె వెళ్లాక ప్రొఫెసర్ గారు నవ్వి, వంటింటి తగాదాలన్నీ కోర్టుకు రాస్తామా ఏమిటి అన్నారు. ఆ మాట నేను మరచిపోలేదు. ఆయనే మరచిపోయారు.

తర్వాత నాగవేణికి పరీక్షలు పెట్టాం. మాకొక పాత కథ ఉంటుంది. అక్క బెల్లాన్ని ఉట్టి మీద పెట్టి బయటికి వెళ్తుంది, చెల్లెలు దాన్ని డబ్బాలోకి మారుస్తుంది, తిరిగొచ్చిన అక్క ఎక్కడ వెతుకుతుంది అన్నది ప్రశ్న. ఇంకొకరి తలలో ఏముందో ఊహించగలరా అని చూడటానికి చిన్నపిల్లలకు పెట్టే పరీక్ష అది. ఉద్యోగం చేస్తున్న మనిషికి కూడా దాన్నే పెట్టించారు ప్రొఫెసర్ గారు. ఉట్టి మీదే వెతుకుతుందని ఆమె వెంటనే చెప్పింది. పిల్లల డాక్టరు పెదవి విరిచి, లెక్కల టీచరు కదా, లాజిక్‌తో చెప్పింది, మనసుతో కాదు అన్నాడు. తప్పు చెబితే జబ్బు, ఒప్పు చెబితే లాజిక్.

చివరిది ఇంటి పరిశీలన. తల్లీబిడ్డలు మామూలుగా ఎలా ఉంటారో చూసి రాయాలి. ప్రొఫెసర్ గారు ఆలస్యంగా రావడంతో దారిలో ఎక్కడా ఆగకుండా జీపులో మైదుకూరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఎండకు నాకు తల పగిలిపోతోంది. నాగవేణి తలుపు తీసి, కుర్చీలు వేసి, నీళ్లిచ్చి నేరుగా అడిగింది. "అన్నం తింటారా సార్? సంకటి, ఊరిబిండి ఉండాయి. అందరికీ సరిపోతాది."

"అబ్బే, వద్దమ్మా. ఇప్పుడే తిన్నాం" అన్నారు ప్రొఫెసర్ గారు.

మన సీమలో ఈ మాటకు ఏం చేయాలో అందరికీ తెలుసు. మా ఇంట్లో తినకూడదా అని నొచ్చుకోవాలి, చెంబుతో నీళ్లు చేతికివ్వాలి, కంచం ముందు పెట్టేయాలి. అప్పుడు అతిథి మీ బలవంతం మీద తింటున్నానంటూ కడుపు నిండా తింటాడు. నాగవేణి "సరే సార్" అంది. మూత పెట్టింది. పాపను కూర్చోబెట్టుకుని తినిపించడం మొదలుపెట్టింది.

పాప తింటున్నంతసేపూ ప్రొఫెసర్ గారు ప్రతి ముద్దనూ చూశారు. వేరుశనగలు నూరిన ఊరిబిండి వాసన గదంతా నిండింది. పిల్లల డాక్టరు కడుపులో నుంచి వచ్చిన చప్పుడుకు పాప నవ్వింది. కొంత తిన్నాక "చాలు" అంది, తల్లి ఆపింది. పాప వయసుకు తగ్గ బరువు ఉందని, ఒంట్లో ఏ లోపమూ లేదని ఆ డాక్టరే పరీక్ష చేసి రాశాడు.

లేచే ముందు నాగవేణి నా దగ్గరికి వచ్చింది. "మేడం, మీకు తలనొప్పా, నా మీద కోపమా? నాకు మొగం చూస్తే తెలీదు. అడిగితేనే తెలుస్తాది." తలనొప్పి అన్నాను. కిటికీ మూసి, ఫ్యాను నా వైపు తిప్పి, మాత్ర కావాలా అని అడిగింది. మనసులు చదివే ఇద్దరు డాక్టర్లు అన్ని గంటలు నా పక్కనే కూర్చుని వచ్చారు. వాళ్లకు తెలియలేదు.

తిరుగు దారిలో జీపు మొదటి హోటలు ముందే ఆగింది. భోజనం చేస్తూనే ప్రొఫెసర్ గారు రిపోర్టు చెప్పడం మొదలుపెట్టారు. ఇంటికి వచ్చినవారి అవసరాలను గుర్తించే శక్తి లేదు, సహానుభూతి లోపించింది, బిడ్డ పోషణకు తగదు. మీరు తిన్నామని చెప్పారు కదా సార్, అది కూడా రాయమంటారా అని అడిగాను. అది మర్యాదకు అన్న మాట, ఎవరికైనా తెలుస్తుందమ్మా అన్నారాయన, పెరుగు కలుపుకుంటూ. నాకు ఒళ్లు మండింది. ఆడబిడ్డ అన్నం గొడవకు నవ్విన పెద్దమనిషి, తన అన్నం దగ్గరికి వచ్చేసరికి అదే గొడవకు వైద్య భాష తొడిగాడు.

బోర్డులో ఒకరు ఒప్పుకోకపోతే విడిగా భిన్నాభిప్రాయం రాసి జతచేయవచ్చు. ఆ హక్కును నా ఉద్యోగంలో ఒక్కసారే వాడాను. ఆమె అడిగిన ప్రశ్న, ఆయన ఇచ్చిన జవాబు, హోటల్లో ఆయన తిన్న భోజనం, పాప బరువు, నా తలనొప్పి, వరసగా రాశాను. వ్యాఖ్యానం ఏమీ చేయలేదు. దానికి ప్రతిఫలంగా తాను రిటైరయ్యేదాకా ప్రొఫెసర్ గారు నాతో మాట్లాడలేదు. హాయిగా ఉండింది.

కోర్టులో జడ్జి గారు రెండు రిపోర్టులూ చదివి ప్రొఫెసర్ గారిని బోనులోకి పిలిపించారు. ఆ రోజు మీరు నిజంగా భోజనం చేసి వెళ్లారా అని అడిగారు. లేదన్నారు ఆయన. చేశానని ఆమెకు చెప్పారా? చెప్పానన్నారు. అయితే మీ మాట నమ్మడం ఆమె తప్పా అని జడ్జి గారు అడిగితే, ముప్పై ఏళ్లుగా మనుషుల మనసులు చదువుతున్న పెద్దమనిషి తన రిపోర్టునే తిరగేయడం మొదలుపెట్టారు. పాపను తల్లి దగ్గరే ఉంచుతూ తీర్పు వచ్చింది.

కోర్టు బయట నాగవేణి నాకు నమస్కారం పెట్టింది. ఏదో ఒకటి అనాలి కదా అని, కర్నూలు వచ్చినప్పుడు మా ఇంటికి రామ్మా అన్నాను.

"ఏ రోజు రమ్మంటారు మేడం? నాకు ఆదివారం సెలవు" అంది.

నేను పిలవాలని పిలవలేదు. ప్రొఫెసర్ గారు ఇప్పుడే తిన్నామన్నట్టే నేనూ రమ్మన్నాను. ఆయన్ని దులిపేసిన మనిషిని కాబట్టి, ఆదివారమే రమ్మనక తప్పలేదు. తల్లీబిడ్డలిద్దరూ పొద్దున బస్సుకే వచ్చారు. వడ్డించేటప్పుడు పాప "చాలు" అంటే, ఇంకొక్క ముద్ద వేయాలని నా చేయి ముందుకు పోయింది. గరిటె గిన్నెలో పెట్టేశాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు చెప్పగలిగింది ఇంతే. ఎదుటివాళ్ల మనసు మాకు తెలుసు అనే మాట ఏ రిపోర్టులో కనిపించినా, అడిగి తెలుసుకున్నారా లేదా అన్నది ముందు చూడండి. అడగకుండా రాసినదైతే అందులో ఉన్నది రాసినవాడి మనసు.