సబ్‌సెంటర్ వసారాలో సరోజ

రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, మామిడికాయల లారీలు హైవే పొడవునా బారులు తీరే జూన్ నెలలో, నన్ను బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లెలోని సబ్‌సెంటర్‌కు ఏఎన్ఎంగా బదిలీ చేశారు. ఏఎన్ఎం అంటే ఏమిటో చదివేవాళ్లకు తెలియకపోవచ్చు, నేను చెప్పేదంతా రాస్తున్నావు కదా పాపా, అది కూడా రాయి. పల్లెలో అందరూ నర్సమ్మ అని పిలుస్తారే, ఆ మనిషి. పైన ఆసుపత్రిలో డాక్టరు, ఆయన కింద సూపర్‌వైజరు, ఆమె కింద నేను, నాకు తోడుగా ఊరికొక ఆశా కార్యకర్త. గర్భిణులను చూసుకోవడం, పుట్టిన బిడ్డలను తూచడం, బుధవారం, శనివారం టీకాలు వేయడం మా పని. సబ్‌సెంటర్‌లో ముందు గది ఆసుపత్రి, వెనక గదిలో నేనూ మీ తాతా కాపురం. ముందర ఒక వసారా, చుట్టూ ప్రహరీగోడ, దొడ్లో ఒక వేపచెట్టు.

చేరిన వారానికే నాకు ఒక బిడ్డ బెంగ పట్టుకుంది. ఆ ఊళ్లో గోవిందమ్మ అని ఒకామె ఉండేది. ఆమె మనవరాలు నెలలు నిండకుండానే చిత్తూరు ఆసుపత్రిలో పుట్టింది. బరువు రెండు కిలోలకు తక్కువ. ఇంటికి పంపేటప్పుడు ఈ బిడ్డను వారం వారం తూచాలని నాకు చెప్పి పంపించారు. అంత చిన్న బిడ్డ వారానికి నూటయాభై గ్రాములన్నా పెరగాలి. పెరగలేదంటే తల్లిపాలు సరిగా అందడం లేదనో, లోపల ఏదైనా జబ్బు ఉందనో అనుకోవాలి. ఇలాంటి బిడ్డలకు గట్టిగా ఏడ్చే ఓపిక కూడా ఉండదు. నిద్రపోతోందిలే, బుద్ధిమంతురాలు అనుకుంటూనే పోగొట్టుకుంటారు. కంటికి తెలియని సంగతి తూకానికి తెలుస్తుంది.

గోవిందమ్మ నన్ను గడప తొక్కనివ్వలేదు.

"బిడ్డంటే టమోటాలనుకున్నావా నర్సమ్మా, కొక్కీకి తగిలించి తూకమేసేదానికి? ఎవురి కన్నన్నా పడితే నువ్వొచ్చి దిష్టి తీస్తావా?" అని వాకిట్లోనే అడ్డం నిలబడింది.

ఆమె కోడలు భువన లోపలి నుంచి తొంగి చూసింది గానీ నోరు విప్పలేదు. గుడియాత్తం వైపు పిల్ల, తొలి కాన్పు. తల్లి లేదు కాబట్టి పురుడు కూడా అత్తింట్లోనే. రెండోసారి పోయాను, మూడోసారి పోయాను. తలుపు తీయలేదు. పోలీసులను పెట్టి తీయించే తలుపు కాదు కదా అది.

ఇట్లా ఉండగా ఒకరోజు పొద్దున హైవే దాటుతూ మునిరత్నం కాలు విరగ్గొట్టుకున్నాడు. ఏదో మోటారుసైకిలు గుద్దేసి పోయింది. ఈ మునిరత్నం ఊరూరా తిరిగి గాడిదపాలు అమ్మేవాడు. మా వైపు పుట్టిన బిడ్డకు గాడిదపాలు ఒక ఉగ్గుగిన్నెడు పోస్తే ఆయాసం రాదని, కామెర్లు రావని నమ్ముతారు. ఆ పాలు పిండిన వెంటనే, వేడి చల్లారకముందే తాగించాలట. అందుకని పాలు ఇంటికి రావు, గాడిదే ఇంటికి వస్తుంది. మా రూలు దీనికి పూర్తిగా అడ్డం. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పోయకూడదు. పచ్చిపాలతో విరేచనాలు పట్టుకుంటే చిన్నబిడ్డ ఒక పూట కూడా తట్టుకోలేదు. నేను ఊళ్లో వద్దని చెప్పే వాటిలో మొదటిది మునిరత్నం సరుకే.

అయినా కాలు విరిగిన మనిషిని మోసుకొచ్చి నా వసారాలోనే పడుకోబెట్టారు. అట్టముక్కలు రెండు వైపులా పెట్టి, కాలు కదలకుండా బట్టతో కట్టి, 108కి ఫోన్ చేశాను. వ్యాన్ వచ్చింది. మునిరత్నం ఎక్కనంటాడు.

"నా సరోజను ఇడిసిపెట్టి నేను యాడికీ రాను. దాని కడుపున పుట్టిన పిల్ల ఇంకా పాలు తాగతా ఉండాది."

సరోజ అంటే గాడిద. పిల్లను పక్కన పెట్టుకొని గేటు దగ్గర నిలబడి ఉంది. వ్యాన్ డ్రైవరు తొందరపెడుతున్నాడు. నేను చూసుకుంటాలే, పో నాయనా అన్నాను.

"పది దినాలే నర్సమ్మా, వచ్చేస్తాను," అన్నాడు మునిరత్నం.

మోకాలి కింద రెండు ఎముకలూ విరిగినవాడు పది రోజుల్లో రాడని నాకు తెలుసు. కానీ దానికి రెండు పూటలా తవుడు పెట్టి, కుండతో నీళ్లు పెడితే సరిపోతుందిలే అనుకున్నాను. గాడిదను గురించి నాకు తెలిసింది అంతే.

తర్వాత తెలిసింది చాలా ఉంది. తెల్లవారకముందే అది ఎత్తుకునే రాగం హైవే మీద లారీ హారన్లను మించిపోయేది. డాక్టరుగారితో ఫోన్‌లో నెలవారీ లెక్క చెబుతుంటే మధ్యలో అందుకునేది. "ఎవరమ్మా పక్కన, ఊపిరాడటం లేదా?" అని ఆయన అడిగారు. వేపచెట్టుకు కడితే తాడు కొరికేసి వసారాలోకి వచ్చి నిలబడేది. ఎండ పడని చోటు, వానకు తడవని చోటు అదొక్కటేనని కనిపెట్టేసింది. తల్లిపాల వారోత్సవానికి పైనుంచి పంపిన కాగితం పోస్టర్లలో రెండింటిని పిల్లా తల్లీ కలిసి తినేశాయి. మీ తాత జ్యూస్ ఫ్యాక్టరీ గేటు దగ్గర నుంచి మామిడి తొక్కలు సంచిలో తెచ్చి అలవాటు చేశాడు. ఇక అది ఎందుకు కదులుతుంది? వాకిలి ఊడ్చి ఊడ్చి నా నడుము పడిపోయింది. ఎప్పుడు పోతుందా అని ఎదురు చూశాను.

అప్పుడు ఊళ్లో ఆడవాళ్లు రావడం మొదలైంది. టీకాల రోజు ఇల్లిల్లూ తిరిగి పిలిచినా రానివాళ్లు, సరోజ నా దగ్గర ఉందని తెలిసి బిడ్డలను ఒళ్లో వేసుకొని వచ్చారు. పాలు చల్లారకముందే తాగించాలి కాబట్టి బిడ్డను తీసుకురాక తప్పదు. నాకు పిండటం రాదు, వచ్చినా ఇవ్వను, దాని పాలు దాని పిల్లకే అని ప్రతి ఒక్కరికీ చెప్పాను. వాళ్లు నవ్వి వసారాలో కూర్చున్నారు.

నాలుగో రోజో ఐదో రోజో గోవిందమ్మ వచ్చింది. చేతిలో తవుడు బుట్ట, వెనక భువన, భువన ఒళ్లో పాత చీరలో చుట్టిన బిడ్డ. ఆ బిడ్డ ముఖం నేను చూడటం అదే మొదటిసారి. ముసలివాళ్ల ముఖంలా ముడతలు పడి ఉంది.

"నువ్వు పిండొద్దులే నర్సమ్మా, నేనే పిండుకుంటాను. ఆవులను పిండిన సెయ్యి ఇది," అంది గోవిందమ్మ.

సరోజ ఆమెను ఒకసారి చూసి, వెనక్కి తిరిగి ఒక్క తన్ను తన్నింది. బుట్ట ఎగిరి గోడ అవతల పడింది. వసారాలో ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

"ఏమత్తా, గాడిదకు కూడా అత్తంటే పడదే!" అని ఎవరో అన్నారు.

"నోర్ముయ్యండే. కొత్త మనిషిని గదా, బెదిరింది. దినామూ వచ్చి మచ్చిక సేసుకుంటాను," అంది గోవిందమ్మ.

అక్కడ నాకు దారి దొరికింది. దినామూ రావచ్చు, కానీ నా వసారాలో కూర్చునే బిడ్డలందరికీ తూకం వేస్తాను, అది గవర్నమెంటు ఇల్లు అన్నాను.  గోవిందమ్మ తనూ ఒక షరతు పెట్టింది. ముల్లు తిరిగే గుండ్రటి ముఖం గోడవైపు ఉండాలి. నేనొక్కదాన్నే చూడాలి. అంకె పైకి అనకూడదు, పక్కవాళ్ల చెవిన పడకూడదు. అంతే కదా అని ఒప్పుకున్నాను. దిష్టి భయమంతా అంకెను పదిమందిలో చదవడం దగ్గరే ఉందని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అన్నాళ్లూ మేమేమో ఎంత గట్టిగా చదివితే అంత బాగా పనిచేసినట్టు అనుకునేవాళ్లం.

తూచాను. పుట్టినప్పటి బరువే ఉంది. అంకె పైకి అనకుండా పుస్తకంలో రాసుకున్నాను.

అత్త దొడ్లో గాడిదను బతిమాలుతుంటే, కోడలిని ముందు గదిలో కూర్చోబెట్టి పాలివ్వమన్నాను. పట్టు సరిగా లేదు. బిడ్డ రొమ్ము చివరను మాత్రమే నోట్లో పెట్టుకొని చప్పరించి అలసిపోతోంది. గడ్డం రొమ్ముకు ఆనేలా, నోరు పెద్దగా తెరిచేలా ఎలా పట్టుకోవాలో చూపించాను. బిడ్డను బట్టల్లో చుట్టి పక్కన పడుకోబెట్టకుండా తల్లి ఒంటికి ఆనించి కట్టుకోమన్నాను. ఆ వేడితోనే సగం పెరుగుతారు చిన్నబిడ్డలు. చీకలేనప్పుడు పాలు పిండి ఉగ్గుగిన్నెతో పోయమన్నాను. భువన అన్నీ చేసింది. మూడో రోజుకు ఆమె నోటి వెంట మొదటి మాట వచ్చింది.

"అక్కా, నాకు పాలు పడలేదని అత్త అంటా ఉంటే నిజమనుకున్నాను."

తర్వాతి వారం ముల్లు కొంచెం జరిగింది. ఆ పై వారం ఇంకొంచెం ఎక్కువే జరిగింది. నేను ఏమీ అనకుండా గోవిందమ్మ వైపు తల ఊపేదాన్ని. ఆమె గాడిద వైపు తిరిగి దండం పెట్టేది.

"సూసినావా, తాగకపోయినా దాని గాలి సోకితేనే బిడ్డ తిరుక్కునింది."

ఏ గాలైతేనేమిలే అనుకొని ఊరుకున్నాను.

ఆగస్టులో సూపర్‌వైజరమ్మ తనిఖీకి వచ్చింది. గేటు తీసి అక్కడే నిలబడిపోయింది. తల్లిపాలే అమృతం అని రాసిన పోస్టరు కింద సరోజ పడుకొని నెమరు వేస్తున్నట్టు దవడ ఆడిస్తోంది.

"ఏమమ్మా, ఫోటో తీసి పైకి పంపీమంటావా? రాష్ట్రమంతా నీ పేరే చెప్పుకుంటారు," అంది.

జరిగిందంతా చెప్పాను. ఆమె వసారాలో కూర్చున్న ఆడవాళ్లను, ఒళ్లలో బిడ్డలను ఒకసారి కలయజూసింది. వచ్చే నెల సమావేశం లోపల దీన్ని పంపించేయాలి, ఈలోపు ఒక్క బిడ్డ నోట్లో ఆ పాలు పడినా నీదే బాధ్యత అని గట్టిగా చెప్పి వెళ్లింది. అందులో తప్పేమీ లేదు. నా స్థానంలో ఎవరున్నా, ఆమె స్థానంలో నేనున్నా అదే మాట.

ఆ మాట అని వెళ్లిన రెండు మూడు రోజులకే సరోజ గోవిందమ్మకు లొంగింది. పొద్దున టీకాల పెట్టెలో ఐసు సర్దుతుంటే దొడ్లోంచి కేక. బయటికి పరుగెత్తాను. పిల్లను ఒకవైపు ఆనించి, ఇంకోవైపు కూర్చొని గోవిందమ్మ పిండేసింది. ఉగ్గుగిన్నె నిండా పాలు. ముఖం వెలిగిపోతోంది. అన్ని వారాలు తన్నులు తిని సంపాదించుకున్న పాలు అవి.

"బిడ్డను పట్టుకో మే భువనా, సల్లారిపోతాది!"

నేను అడ్డం పడబోయాను. అంతలో భువన కొంగు బిడ్డ మీదికి లాక్కుంది.

"వద్దత్తా. నా పాలు సాలు. ఇంతవరకు పెరిగింది నా పాలతోనే గదా."

 గోవిందమ్మ కోడలిని చూసింది, గిన్నెను చూసింది, నన్ను చూసింది.  అది నేను చెప్పాల్సిన మాట కాదు, చెప్పాల్సిన మనిషే చెప్పింది.

"సరే, పారబొయ్యలేను గదా!" అని గోవిందమ్మ గిన్నె ఎత్తి గటగటా తానే తాగేసింది. మూతి తుడుచుకొని, "తియ్యంగా ఉండాది," అంది. మోకాళ్ల నొప్పులు తగ్గాయని సాయంత్రానికి ఊరంతా చెప్పుకుంది.

నెలాఖరుకు మునిరత్నం చంకకింద కర్ర పెట్టుకొని, తమ్ముణ్ణి వెంటబెట్టుకొని వచ్చాడు. సరోజ మెడ పట్టుకొని కాసేపు ఏడ్చాడు. నేను వాకిలి కడిగి, ముగ్గు పెట్టి, హమ్మయ్య అనుకున్నాను. మరుసటి రోజు తెల్లవారి ఎవరూ లేపకపోయేసరికి పొద్దెక్కేదాకా నిద్రపోయాను. మీ తాత తిన్న మామిడి టెంకె పట్టుకొని దొడ్లోకి పోయి, కాసేపు నిలబడి, తిరిగొచ్చి చెత్తబుట్టలో వేశాడు.

బుధవారం వచ్చింది. టీకాలు సిద్ధంగా పెట్టుకొని కూర్చున్నాను. వసారాలో ఎవరూ లేరు. శనివారం ఇద్దరే వచ్చారు. తర్వాతి బుధవారం కూడా అంతే. గోవిందమ్మ మనవరాలికి టీకా వేళ దాటుతోంది. అప్పటికి రెండున్నర కిలోలు దాటింది గానీ, ఇక్కడ వదిలేస్తే మళ్లీ ఏ జ్వరానికో వెనక్కి పోవచ్చు. అప్పుడు సరోజ లేని లోటు నాకు బాగా తెలిసింది. ఇన్నాళ్లూ నేను పిలవకుండానే నా దగ్గరికి ఊరు వచ్చింది. ఇప్పుడు పిలిచినా రాదు.

తూకం సంచిలో వేసుకొని గోవిందమ్మ ఇంటికి నడిచాను. తలుపు వేస్తుందేమోనని మెట్టు కిందే ఆగాను. ఆమె వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి లేచి రాలేదు, పొమ్మనలేదు.

"సరోజ యాడుంది నర్సమ్మా ఇప్పుడు? పిల్ల పాలు మానిందా?" అని అడిగింది.

పలమనేరు వైపు ఉందట, పిల్ల మేత మేస్తోందట అని నాకు తెలిసినంత చెప్పాను. ఆమె అడుగుతూనే ఉంది. నేను పైకెక్కి చాప మీద కూర్చున్నాను. కాసేపటికి ఆమే దూలానికి ఉన్న కొక్కీ చూపించింది.

"సంచిలో తూకం తెచ్చినావు గదా, ఊరికే కూసున్నావే. గోడ పక్కకు తిప్పి తగిలించు."

ఆ రోజు తూకమూ అయింది, టీకా కూడా అయింది.

మిగతా ఇళ్లవాళ్లను రప్పించడానికి నా దగ్గర ఇప్పుడు గాడిద లేదు. ఆడవాళ్లు రోజూ తప్పకుండా పోయే చోటు ఏదా అని చూశాను. ఊరి మధ్యలో పాల కేంద్రం. పొద్దునా సాయంత్రం క్యాన్లు పట్టుకొని వరసలో నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. డాక్టరుగారిని అడిగి, టీకాల పెట్టె, తూకం ఆ పక్కనున్న అరుగు మీదికి మార్చాను. ముల్లు ముఖం గోడవైపే. సూపర్‌వైజరమ్మ ఒకసారి వచ్చి చూసి, ఇదెప్పటి నుంచి అని మాత్రం అడిగింది.

ఆసుపత్రికి రమ్మంటే జబ్బు చేసినవాళ్లే వస్తారు. జబ్బు చేయకముందే రావాలంటే వాళ్లకు అక్కడ తమదైన పని ఇంకేదో ఉండాలి. ముప్ఫై ఏళ్లకు పైగా ఉద్యోగం చేసి, చివరి మూడేళ్లలో నేను నేర్చుకున్నది ఇది. ఆ తర్వాత ఏ ఊరికి డ్యూటీకి పోయినా, పెట్టె కింద పెట్టకముందే, ఈ ఊళ్లో ఆడవాళ్లు ఊరికే ఎక్కడ కూర్చుంటారు అని అడిగి తెలుసుకునేదాన్ని.