బానెట్ మీద చెయ్యి

కారుకేం జబ్బో కనిపెట్టడానికి మా అత్తగారింటి మగవాళ్లకు తెలిసిన పద్ధతి ఒక్కటే: బానెట్ మీద చెయ్యి పెట్టి చూడటం. పిల్లలకు జ్వరమొస్తే నుదురు తడిమినట్టు తడిమి, చటుక్కున చెయ్యి తీసేసి, "అబ్బ, కాలుతున్నది" అంటారు. వికారాబాద్‌లో ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం వాకిట్లో నిలబెట్టిన ఇనుము కాలక ఏంచేస్తుందని అడిగితే, నాకు కార్ల సంగతి తెలియదంటారు.

కారు మా ఆయనది. పాతది. ఆయన చూపు మసకబారి, ఇక స్టీరింగ్ ముట్టొద్దని డాక్టరు చెప్పాక, యాభై దాటిన వయసులో నేను నడపడం నేర్చుకున్నాను. నేను తాండూరులో టీచర్ని. అంతకుముందు ఏళ్ల తరబడి బస్సులో ఒంటికాలి మీద నిలబడి పోయొచ్చేదాన్ని. కారు చేతికొచ్చాక నా టైముకు నేను బయలుదేరడం, దారిలో ఇష్టమున్నచోట ఆగి మొక్కజొన్న పొత్తు కొనుక్కోవడం, వెనక ఎవరూ తొందరపెట్టకపోవడం ఎంత సుఖమో తెలిసింది. ఆ సుఖం మా ఇంట్లో ఎవరికీ పెద్దగా మింగుడుపడలేదు. ఆ మాట పైకెవరూ అనలేదు లెండి. ఇంజన్ వేడెక్కుతోందని మాత్రం అన్నారు.

ఇంజన్ వేడి చూపించే సూది అప్పుడప్పుడు ఎర్రగీత దాకా పోతున్న మాట నిజమే. మొదట చూసింది మా ఆయనే. పక్క సీట్లో కూర్చున్న ఆయనకు ఎదురుగా వచ్చే గేదె కనపడదు గానీ, నా ముందున్న సూది మాత్రం కనపడుతుంది. "ఏమే, సూది లేస్తున్నది, జర ఆపు" అంటారు. ఆపి బానెట్ ఎత్తితే ఆవిరి లేదు, మాడు వాసన లేదు, కింద నీటిచుక్క లేదు. అయినా నేను తాగే నీళ్ల సీసా మొత్తం రేడియేటర్ మీద పోయించేవారు. ఇంజన్ వేడి తగ్గాలంటే హీటర్ పెట్టాలని ఆయనకు ఎవరో చెప్పారు. ఆ ఎండల్లో, అద్దాలు దించి, హీటర్ వేసుకుని ధారూరు దాకా పోయాం. ఇంజన్ సంగతేమో గానీ, మేమిద్దరం మాత్రం బాగా ఉడికాం.

తాండూరులో మెకానిక్కుకు చూపించాను. అతను కూడా బానెట్ మీద చెయ్యి పెట్టాకే మాట్లాడాడు. "మన ఎండలకు గీ వాల్వు ఎందుకు మేడం, తీసి పడేస్తే ఫికరుండది" అంటూ ఇంజన్ వేడిని అదుపులో ఉంచే వాల్వును పీకి నా చేతిలో పెట్టాడు. ఆ కారును తయారుచేసినవాళ్లు దాన్ని అందం కోసం పెట్టారనుకున్నాడేమో. వాల్వు పోయినా, సూది మర్నాడు మళ్లీ ఎర్రగీత దగ్గరే ఉంది.

అప్పుడు రంగంలోకి మా బావగారు, అంటే మా ఆయనకు అన్న, దిగారు. కరోనా కాలంలో ఆఫీసు గేటు దగ్గర నుదుటికి గురిపెట్టేవారే, ఆ జ్వరం మిషన్, బావగారు రిటైరయ్యాక ఆయనతోపాటు ఇంటికొచ్చేసింది. అప్పటినుంచి మా వంశంలో ఉష్ణోగ్రతలన్నీ ఆయన శాఖ. నేను స్కూలునుంచి వచ్చి కారు ఆపీ ఆపకముందే బానెట్ ఎత్తించి, ఇంజన్‌కు గురిపెట్టారు. అంకె రాలేదు. ఎర్రలైటు వెలిగి, మిషన్ కుయ్యోమంది.

"సూసినవమ్మా? మిషన్ గూడ మొత్తుకుంటున్నది. నిప్పు లేంది పొగస్తదా?"

"పొగే రాలేదు బావా" అన్నాను.

ఆయన విననట్టు మా ఆయనవైపు తిరిగారు. "నవాబుపేటల పాత కార్లు కొనేటోడు ఒకడున్నడు, ఆదివారం పొద్దుగాల వస్తడు. ఇంజన్ పట్టేయకముందే వదిలించుకుందాం. తాండూరుకు బస్సు ఉండనే ఉన్నది గద!"

మా ఆయన తలూపారు. ఆ తల ఊపుకు నాకు ఏడుపొచ్చింది. బాధతో కాదు, ఒళ్లుమండి. రోజూ బస్సెక్కేది ఆ తలకాయ కాదు కదా.

శుక్రవారం ఒక్కదాన్నే పోతూ సూది మీద ఓ కన్నేసి ఉంచాను. అనంతగిరి ఘాటులో ఇంజన్ రొప్పుతోంది, సూది మాత్రం కిందే నెమ్మదిగా ఉంది. తాండూరు దగ్గరికొచ్చాక, నాపరాయి లారీలు దున్నిపెట్టిన రోడ్డు మీద ఒక గుంతలో పడగానే అమాంతం ఎర్రగీతకు ఎగిరింది. ఇంకో గుంతలో పడగానే దిగింది. పొయ్యి మీద గిన్నెడు నీళ్లు కాగడానికే టైం పడుతుంది. అంత ఇనుము గుంతలో పడ్డ క్షణంలో ఉడికి, ఇంకో గుంతలో చల్లారుతుందా? నాకు నవ్వొచ్చింది. జబ్బు ఇంజన్‌కు కాదు, సూదికి.

ఆదివారం ఎండ రాకముందే బానెట్ ఎత్తాను. రాత్రంతా చల్లారిన ఇంజన్. రేడియేటర్ మూత తీసి చూస్తే నీళ్లు అంచు దాకా ఉన్నాయి. సూదికి కబురు మోసే వైరు, ఓ ఇనుప పట్టీకి రాసుకుని రాసుకుని తోలు ఊడి, లోపలి రాగి బయటపడింది. బావగారు చాయ్ గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వచ్చారు.

"చెయ్యి పెట్టి సూడుండ్రి బావా" అన్నాను.

పెట్టారు. చల్లగా ఉందని ఒప్పుకున్నారు. మా ఆయన్ని లోపల కూర్చోబెట్టి, స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పమన్నాను. సూది కిందే ఉందన్నారు. నేను ఆ వైరును వేలితో ఇనుముకు ఆనించాను.

"ఓయమ్మ, ఎర్రగీతకు పోయింది!" అని లోపలినుంచి కేక.

స్టార్టే చేయని ఇంజన్ అది. బావగారు మిషన్ తీసి ఏదో అనబోయారు. నేను దాన్ని అందుకుని ఆయన చేతిలోని చాయ్ గ్లాసుకు గురిపెట్టాను. ఎర్రలైటు వెలిగింది, కుయ్యోమంది.

"మీ చాయ్‌కి గూడ గిదే జరం బావా. నవాబుపేటాయనకు అమ్మేద్దామా?"

నవాబుపేట మనిషికి రావద్దని ఫోన్ బావగారే చేశారు. వైరుకు టేపు చుట్టించి, పీకేసిన వాల్వును మళ్లీ పెట్టించాను. ఇప్పుడు కారు ఏ గుంతలో పడ్డా సూది మధ్యలోనే ఉంటుంది.

మొన్న అందరం అనంతగిరి గుడికి బయలుదేరాం. వెనక సీట్లో బావగారు కాసేపు సూదినే చూసి, "గిది కదుల్తలేదేందమ్మా? సూది ఖరాబైనట్టున్నది, జర ఆపు" అన్నారు. ఆపాను. దిగి, ముందుకు నడిచి, బానెట్ మీద చెయ్యి పెట్టి, "అబ్బ, కాలుతున్నది" అన్నారు. పక్క సీట్లో మా ఆయన తలూపారు. ఆయన నడిపినన్నాళ్లూ ఆ బానెట్ మీద ఒక్కరూ చెయ్యి పెట్టలేదు.

నేను గేరు వేసి, కిటికీలోంచి తల బయటపెట్టాను.

"ఎక్కుతరా బావా? లేకుంటే బస్సు ఉండనే ఉన్నది."

ఎక్కారు.